వాక్యం మధ్యలో ఆగిన పుస్తకం: సిడ్నీ 'ఆర్కేడియా'ను పరిష్కరించడం ఎందుకంత కష్టం?

1590లో లండన్‌లో అచ్చయిన ఒక పెద్ద వచన కథాగ్రంథం చివరి పేజీలో ఇద్దరు కత్తులు దూసి పోరాడుతుంటారు. ఒకడు అనాక్సియస్, మహా గర్విష్ఠి. రెండో మనిషి జెల్మేన్. నిజానికి అమెజాన్ స్త్రీ, అంటే గ్రీకు పురాణాల్లోని వీరవనిత, వేషంలో ఉన్న పైరోక్లీస్ అనే రాకుమారుడు. జెల్మేన్ వేటు తప్పించుకోవడానికి అనాక్సియస్ వెనక్కి గెంతాల్సి వస్తుంది. బతుకులో ఎన్నడూ అలా వెనక్కి తగ్గినవాడు కాదు కాబట్టి సిగ్గుపడి... అన్నచోట వాక్యం ఆగిపోతుంది. అసలు క్రియ రాకముందే పుస్తకం అయిపోతుంది.

రాసినవాడు సర్ ఫిలిప్ సిడ్నీ. 1586 సెప్టెంబరు 22న నెదర్లాండ్స్‌లోని జట్‌ఫెన్ దగ్గర స్పెయిన్ సేనతో జరిగిన పోరులో అతని తొడకు తూటా తగిలింది. అక్టోబరు 17న ఆర్న్‌హెమ్‌లో చనిపోయాడు. అప్పటికి అతనికి 31 ఏళ్లు. బతికుండగా ఈ కథను అచ్చుకివ్వలేదు. ఇవ్వాలన్న ఉద్దేశం ఉన్నట్టు కూడా కనిపించదు.

పుస్తకం పేరు 'ది కౌంటెస్ ఆఫ్ పెంబ్రోక్స్ ఆర్కేడియా'. ఎలిజబెత్ రాణి కాలపు ఇంగ్లీషు వచన కథల్లో దీనంత పేరు తెచ్చుకున్నది మరొకటి లేదు. షేక్‌స్పియర్ 'కింగ్ లియర్'లో గ్లోస్టర్ ప్రభువు ఒక కొడుకు మాట నమ్మి, కళ్లు పోగొట్టుకుని, వెళ్లగొట్టిన కొడుకు చేతినే ఆసరా చేసుకునే కథ ఇందులోని పాఫ్లగోనియా రాజు కథ నుంచి తీసుకున్నదే. 1740లో రిచర్డ్‌సన్ తన నవలా నాయికకు పెట్టిన పామెలా అన్న పేరు కూడా ఇక్కడిదే. ఇంత పేరున్న పుస్తకాన్ని ఈరోజు చదువుదామని కూర్చున్నవాళ్లకు మొదటి ప్రశ్న ఎదురవుతుంది: ఏ ఆర్కేడియా? ఎందుకంటే ఆ పేరుతో మూడు ఉన్నాయి. మూడింటిలోనూ సిడ్నీ రాసింది ఉంది. మూడింటిలో ఏ ఒక్కటీ 'ఇదే నా పుస్తకం' అని సిడ్నీ లోకానికి ఇచ్చింది కాదు.

పాత రచనల్ని పరిష్కరించడమంటే అచ్చుతప్పులు దిద్ది, కఠిన పదాలకు అర్థాలు రాసి, ముందు ఒక పీఠిక పెట్టడం అనుకుంటాం. 'ఆర్కేడియా' విషయంలో అసలు దిద్దవలసిన పుస్తకం ఏదో తేల్చుకోవడానికే పండితులకు ఒక శతాబ్దం పట్టింది. నాకు ఈ కథ మొత్తంలో ముఖ్యంగా తోచేది ఒక్కటే. ఇక్కడ పరిష్కర్త చేసే ప్రతి పనీ ఒక ఎంపిక. ఆ ఎంపికను పాఠకుడికి కనిపించేలా చేసినవాడే మంచి పరిష్కర్త.

ముందు మూడు ఆర్కేడియాల సంగతి చూద్దాం.

మొదటిది 'పాత ఆర్కేడియా'. 1580 నాటికి సిడ్నీ పూర్తి చేసిన కథ. ఐదు భాగాలు, భాగానికీ భాగానికీ మధ్య గొర్రెల కాపరుల పాటలు. గ్రీసులోని ఆర్కేడియా అనే ప్రాంతపు పాలకుడు బసీలియస్ ఒక జోస్యం విని భయపడి, భార్యనూ పామెలా, ఫిలోక్లియా అనే ఇద్దరు కూతుళ్లనూ తీసుకుని పల్లెలో దాక్కుంటాడు. ఇద్దరు రాకుమారులు ఆ కూతుళ్ల మీద మనసుపడి మారువేషాల్లో అక్కడికి చేరతారు. పైరోక్లీస్ స్త్రీ వేషం వేస్తాడు, ముసిడోరస్ గొర్రెల కాపరి అవుతాడు. దొంగప్రేమలు, పారిపోవడాలు, చివర న్యాయస్థానంలో విచారణ, మరణశిక్ష, ఆఖరి నిమిషంలో విడుదల. కథ చకచకా నడుస్తుంది. దీన్ని సిడ్నీ చెల్లెలు మేరీ కోసం రాశాడు. ఆమే పెంబ్రోక్ కౌంటెస్, అంటే పెంబ్రోక్ ప్రభువు భార్య. విడి కాగితాల మీద రాశాననీ, చాలా వరకు నీ ఎదుటే రాశాననీ, మిగతాది రాసిన కాగితాన్ని రాసినట్టే పంపాననీ ఆమెకు రాసిన అంకితపు లేఖలో చెప్పుకున్నాడు.

రెండోది 'కొత్త ఆర్కేడియా'. కొన్నేళ్ల తర్వాత సిడ్నీ అదే కథను మళ్లీ మొదటి నుంచి రాయడం మొదలుపెట్టాడు. ఈసారి కథను నేరుగా చెప్పడు. మధ్యలో ఎత్తుకుంటాడు, వెనక్కి వెళ్తాడు, కథలో కథ, దానిలో ఇంకో కథ. యుద్ధాలు, రాజకీయం, తిరుగుబాట్లు వచ్చి చేరాయి. సెక్రోపియా అనే కొత్త పాత్ర రాకుమార్తెలను కోటలో బంధించి హింసిస్తుంది. మూడో భాగం పాత దానికంటే ఎన్నో రెట్లు పెరిగింది, అక్కడే, ఆ కత్తుల పోరు దగ్గరే, ఆగింది.

మూడోది ఈ రెండూ కలిపి కుట్టింది. దాని వెనుక ఒక చిన్న పోరాటం ఉంది.

సిడ్నీ చనిపోయిన మరుసటి నెలలోనే విలియం పాన్సన్‌బీ అనే పుస్తక వ్యాపారి, సిడ్నీ చిన్ననాటి స్నేహితుడు ఫుల్క్ గ్రెవిల్ దగ్గరికి వచ్చాడు. ఎవరో పాత ఆర్కేడియాను అచ్చు వేయబోతున్నారని కబురు చెప్పాడు. గ్రెవిల్ వెంటనే సిడ్నీ మామగారు, రాణి కార్యదర్శి అయిన వాల్సింగమ్‌కు ఉత్తరం రాశాడు. ఆ ఉత్తరం ఈనాటి పరిష్కర్తలకు బంగారం లాంటిది. పాతదాన్ని నాలుగైదేళ్ల కిందటే సిడ్నీ దిద్దాడని, ఆ దిద్దిన ప్రతిని తన దగ్గర దాచమని ఇచ్చాడని, దానికి ఇంకో నకలు లేదని, అందరి చేతుల్లో తిరుగుతున్న పాతదానికంటే ఇదే అచ్చుకు తగినదని గ్రెవిల్ రాశాడు. ఇంకో మాట కూడా అన్నాడు. దీన్ని కూడా ఎలా, ఎందుకు సవరించాలో సిడ్నీ తన చేతిరాతతో సూచనలు పెట్టాడట. ఆ సూచనల కాగితం ఈరోజు లేదు. అది లేకపోవడం వల్ల వచ్చిన తగాదా సంగతి తర్వాత చెప్తాను.

గ్రెవిల్ దగ్గరున్న ప్రతి ఆధారంగా 1590లో పాన్సన్‌బీ కొత్త ఆర్కేడియాను క్వార్టో అనే చిన్న సైజులో తెచ్చాడు. అందులో అధ్యాయాలున్నాయి, ప్రతి అధ్యాయానికీ ముందు కథాసారం ఉంది. మొదట్లోనే ఒక చిన్న గమనిక కూడా ఉంది. అధ్యాయాల విభజన, సారాంశాలు సిడ్నీవి కావని, పాఠకుల సౌకర్యం కోసం అచ్చుపని చూసినవాడు సాహసించి పెట్టాడని, తప్పుంటే మన్నించమని ఆ గమనిక చెప్తుంది. పద్యాలు సిడ్నీవే గానీ వాటిలో ఏవి ఉంచాలో, ఎక్కడ పెట్టాలో సిడ్నీ తేల్చలేదు కాబట్టి, వాటిని కూడా తనకు తోచినట్టు అమర్చానని ఒప్పుకుంటాడు. నాలుగు వందల ఏళ్ల కిందటి మనిషి, పేరు కూడా చెప్పుకోకుండా, తాను ఎక్కడ చెయ్యి పెట్టాడో ఇంత స్పష్టంగా రాసి పెట్టడం చూస్తే నాకు గౌరవం కలుగుతుంది. ఈనాటి పాపులర్ ఎడిషన్లలో చాలావాటికి ఆ మాత్రం నిజాయితీ ఉండదు.

కౌంటెస్‌కు మాత్రం ఈ అచ్చు నచ్చలేదు. 1593లో ఆమె పర్యవేక్షణలో ఫోలియో అనే పెద్ద సైజులో ఇంకో అచ్చు వచ్చింది. దానికి ముందుమాట రాసినవాడు ఆమె ఇంట్లో కార్యదర్శిగా ఉన్న హ్యూ శాన్‌ఫర్డ్. మొదటి అచ్చు పుస్తకం ముఖాన్ని వికృతం చేసిందని, ఆ మచ్చలు తుడవడానికే ఆమె పూనుకుందని రాశాడు. అధ్యాయాలు, సారాంశాలు తీసేశారు. పద్యాల అమరిక మార్చారు. అన్నిటికంటే పెద్ద పని, వాక్యం ఆగినచోట ఒక చిన్న వివరణ పెట్టి పాత ఆర్కేడియాలోని చివరి భాగాలను అతికించారు. ఆ వివరణ నిజంగా చదవవలసినది. ఆ పోరు ఎలా ముగిసిందో, రాకుమార్తెలు చెర నుంచి ఎలా బయటపడ్డారో, ముసిడోరస్ మళ్లీ పశువుల కొట్టం యజమాని దగ్గరికి ఎలా చేరాడో ఎవరికీ తెలియదని, ఇకపై వచ్చేది రచయిత సొంత రాతల నుంచి, ఆలోచనల నుంచి పూరించినదని చెప్తుంది. శాన్‌ఫర్డ్ ముందుమాటలో ఇంకో మాట ఉంది. ఇది ఆర్కేడియాకు ముగింపే గానీ పరిపూర్ణత కాదని.

అతుకు వేశాక చిక్కులు రాకుండా ఉంటాయా? పాతదానిలో పైరోక్లీస్ స్త్రీ వేషం పేరు క్లియోఫిలా. కొత్తదానిలో జెల్మేన్. అందుకని అతికించిన భాగాల్లో ఆ పేరు మార్చాల్సి వచ్చింది. పేరు మార్చడం తేలికే, మనుషుల్ని మార్చడం ఎలా? సెక్రోపియా చెరలో చిత్రహింసలు పడి, చావును ఎదురుగా చూసి, ఒక్క మెట్టు కూడా దిగని పామెలా ఒక పేజీ తిప్పగానే మళ్లీ పల్లెటూరి విడిదిలో ప్రియుడితో పారిపోయే పథకంలో ఉంటుంది. చదువుతుంటే ఒక మెట్టు లేని మెట్లదారిలో అడుగేసినట్టే ఉంటుంది. ఆ ఖాళీ 17వ శతాబ్దపు పాఠకుల్ని కూడా ఇబ్బంది పెట్టింది. స్కాట్లండ్ కవి విలియం అలెగ్జాండర్ మధ్యలో వంతెనలా ఒక భాగం రాస్తే, దాన్ని తర్వాతి అచ్చుల్లో చేర్చారు. కథను పొడిగిస్తూ మరికొందరు సొంతంగా రాశారు. 1651లో అనా వీమిస్ అనే యువతి రాసిన కొనసాగింపు వాటిలో ఒకటి.

1593 ప్రతిలో ఇంకో మార్పు ఉంది. పండితుల తగాదా దీని గురించే. పాత ఆర్కేడియాలో పైరోక్లీస్, ఫిలోక్లియా పెళ్లి కాకుండానే ఒక రాత్రి కలిసి గడుపుతారు. ముసిడోరస్ అయితే పారిపోతున్న దారిలో నిద్రపోతున్న పామెలాపై బలాత్కారానికి సిద్ధపడతాడు. అంతలో ఒక మూక వచ్చి మీద పడడంతో ఆగుతుంది. 1593లో ఈ రెండూ లేవు. మొదటి జంట మాటల్లోనే అలసి నిద్రపోతారు. రెండో ఘట్టంలో ఆ దురుద్దేశమే మాయమైంది.

ఎవరు తీసేశారు? చాలాకాలం పాటు పండితులు చెల్లెలి మీద నెట్టేశారు. అన్న రాసిన ఘాటైన ఘట్టాలు చూసి సిగ్గుపడి కత్తిరించిందన్నారు. ఆ వాదనలో సాక్ష్యం కంటే, ఆడవాళ్ల గురించి ముందే ఏర్పరచుకున్న అభిప్రాయం ఎక్కువ ఉందని నా ఉద్దేశం. ఈ కౌంటెస్ చిన్న మనిషి కాదు. సిడ్నీ ఇంగ్లీషు పద్యాల్లోకి తెచ్చిన బైబిలు కీర్తనలు 43 మాత్రమే, మిగిలిన 107 ఆమే పూర్తి చేసింది. అన్న పద్యం ఎలా నడుస్తుందో ఆమెకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. పైగా, గ్రెవిల్ ఉత్తరంలోని 'చేతిరాత సూచనలు' ఇక్కడ గుర్తుచేసుకోండి. శాన్‌ఫర్డ్ కూడా రచయిత సొంత రాతలు, తెలిసిన నిర్ణయాలు చూపినంత మేరకే వెళ్లామని రాశాడు. కథలో కూడా ఆధారం ఉంది. కొత్త ఆర్కేడియాలో పామెలాను అంత ఎత్తుకు పెంచిన సిడ్నీ, ఆమెను ప్రేమించే మనిషిని అంత దిగజార్చి ఉంచగలడా? అందుకే 20వ శతాబ్దపు పరిష్కర్తలు ఈ మార్పులు సిడ్నీ ఆలోచించుకున్నవే అన్న వైపు మొగ్గారు. నేనూ అటే. అయితే ఆ మార్పుల వల్ల చివరి విచారణ బలం తగ్గిందని మాత్రం ఒప్పుకోవాలి. పాతదానిలో రాకుమారులు నిజంగా తప్పు చేశారు. అందుకే విచారణ జరిపే యువార్కస్ శిక్ష వేస్తుంటే మన మనసు రెండు వైపులా లాగుతుంది. 1593లో ఆ లాగుడు సగానికి సగం పోయింది.

1593 తర్వాత పాత ఆర్కేడియా మొత్తంగా ఎవరికీ కనిపించలేదు. ఫోలియో మాత్రం మళ్లీ మళ్లీ అచ్చవుతూ పోయింది. మూడు వందల ఏళ్లపాటు 'ఆర్కేడియా' అంటే లోకానికి ఆ కలిపి కుట్టిన పుస్తకమే. లండన్‌లో పాత పుస్తకాల వ్యాపారం చేసే బెర్‌ట్రమ్ డోబెల్ 1907 ప్రాంతంలో కొన్ని రాతప్రతులు చూసి అవి సిడ్నీ మొదటి ఆర్కేడియా అని గుర్తుపట్టాడు. అంతకుముందు థామస్ ట్రహెర్న్ అనే మరుగున పడిన కవిని లోకానికి చూపించినవాడూ ఇతనే. పెద్ద డిగ్రీలు లేని ఒక దుకాణదారు ఇంగ్లీషు సాహిత్య చరిత్రను రెండుసార్లు దిద్దాడు.

అప్పుడు అసలు పని మొదలైంది. ఫ్రెంచి పండితుడు ఆల్బెర్ ఫ్యయెరా కేంబ్రిడ్జి ప్రెస్ కోసం సిడ్నీ రచనల్ని సంపుటాలుగా తెచ్చాడు. 1912లో 1590 నాటి పాఠం, 1922లో 1593లో అతికించిన చివరి భాగం, 1926లో ఒక రాతప్రతి నుంచి పాత ఆర్కేడియా. ఆయన ఉపకారం చిన్నది కాదు. కానీ ఈ పద్ధతిలో కౌంటెస్ పుస్తకం రెండు ముక్కలై రెండు సంపుటాల్లో పడింది. మూడు శతాబ్దాలు జనం చదివిన పుస్తకం, పండితుల అరలో ఎక్కడా ఒక్కటిగా లేకుండా పోయింది.

రాతప్రతులు ఒక్కొక్కటే బయటపడి తొమ్మిది దాకా చేరాయి. ఒక్కటీ సిడ్నీ చేతిరాత కాదు. అన్నీ లేఖకులు చేసిన నకళ్లు, వాటిలో ఏ రెండూ ఒకేలా లేవు. ఇక్కడ విలియం రింగ్లర్ చేసిన పని చూడాలి. 1962లో సిడ్నీ పద్యాల సంపుటి తెస్తూ ఆయన ఈ ప్రతులన్నిటినీ మాటకు మాట పోల్చాడు. మామూలుగా పరిష్కర్తలు ప్రతుల మధ్య తేడాలను తప్పులుగా చూస్తారు. రెండు ప్రతుల్లో ఒకే తప్పు ఉంటే ఆ రెంటికీ ఒకే తల్లి ప్రతి ఉందన్నమాట. అలా తప్పుల్ని పట్టుకుని వంశవృక్షం గీస్తారు. రింగ్లర్‌కు తేలింది ఏమిటంటే, ఈ తేడాల్లో కొన్ని తప్పులు కావు. సిడ్నీ దగ్గర ఒక ప్రతి ఉండేది. దానిమీదే అప్పుడో మాట, అప్పుడో పద్యం దిద్దుతూ ఉండేవాడు. ఎవరైనా స్నేహితుడు అడిగితే దాన్నే నకలు తీయించేవాడు. ఒక్కో నకలు ఒక్కో సమయంలో తీసింది కాబట్టి, ఒక్కోదానిలో ఆనాటికి ఉన్న పాఠం నిలిచిపోయింది. అంటే ఈ తొమ్మిది ప్రతులూ ఒకే రచన ఎదుగుతున్నప్పటి వేర్వేరు దశలు. పోయిన ఆ ప్రతి ఎప్పుడెప్పుడు ఎలా ఉండేదో, కళ్లతో చూడకుండానే చెప్పగలిగాడాయన. పాఠ పరిష్కరణ ఎండిపోయిన శాస్త్రమనే వాళ్లకు నేను ముందుగా చూపించేది ఈ పేజీలే.

ఆ పునాది మీద జీన్ రాబర్ట్‌సన్ 1973లో ఆక్స్‌ఫర్డ్ నుంచి పాత ఆర్కేడియాను తెచ్చింది. కేంబ్రిడ్జిలోని సెయింట్ జాన్స్ కాలేజీ ప్రతిని ఆధారంగా తీసుకుని, మిగతావాటి తేడాలన్నీ కింద ఇచ్చింది. 1987లో విక్టర్ స్క్రెట్కోవిచ్ కొత్త ఆర్కేడియాను తెచ్చాడు. దానికి 1590 అచ్చుతో పాటు ఒకే ఒక్క రాతప్రతి ఉంది, కేంబ్రిడ్జి యూనివర్సిటీ లైబ్రరీలో. దానిలో అధ్యాయాల విభజన లేదు. అచ్చుపని చూసినవాడు 1590లో చెప్పింది అక్షరాలా నిజమని అది సాక్ష్యం చెప్తుంది.

పద్యంతోనో నాటకంతోనో పోలిస్తే వచనాన్ని పరిష్కరించడం ఎందుకు కష్టమో కాస్త నిలబడి చూద్దాం. పద్యంలో ఒక మాట జారిపోతే లయ కుంటుతుంది, తప్పు దానంతటదే బయటపడుతుంది. వచనంలో ఆ కాపలా లేదు. నేనే ఒక వాక్యం అల్లి చూపిస్తాను: 'రాజు కోపం చూసి బెదరలేదు, రాణి కోపం చూసి బెదరలేదు, కూతురి మౌనం చూసి బెదిరాడు.' నకలు తీసేవాడు మొదటి 'బెదరలేదు' రాసి, తల ఎత్తి అసలు ప్రతి వైపు చూసేటప్పుడు చూపు రెండో 'బెదరలేదు' మీద పడిందనుకోండి. 'రాజు కోపం చూసి బెదరలేదు, కూతురి మౌనం చూసి బెదిరాడు' అని తయారవుతుంది. వాక్యం చక్కగా ఉంది, అర్థం కుదిరింది, రాణి మాత్రం మాయమైంది. ఇంకో ప్రతి దొరికితే తప్ప ఆమె ఉండేదని ఎవరికీ తెలియదు. సిడ్నీ వాక్యాలు ఇలాంటివే. ఒకే మాటను తిప్పి తిప్పి వాడుతూ, జంటలు జంటలుగా పేర్చుకుంటూ అర పేజీ సాగుతాయి. లేఖకుల చూపు జారడానికి అంతకంటే అనువైన చోటు ఉండదు.

అచ్చు కూడా అలాంటిదే. వచనంలో ప్రతి పంక్తీ కుడి అంచు దాకా నిండాలి. కంపోజిటర్ సీసపు అక్షరాలు పేరుస్తూ, చోటు మిగిలితే మాట చివర ఒక అక్షరం పెంచేవాడు, చాలకపోతే తగ్గించేవాడు. ఆ రోజుల్లో ఇంగ్లీషు స్పెల్లింగుకు స్థిరమైన నియమం లేదు కాబట్టి అది తప్పు కాదు. ఫలితంగా పుస్తకంలో కనిపించే స్పెల్లింగు రచయితదో, కొట్టులో పనివాడిదో, పంక్తి పొడవుదో చెప్పడం కష్టం. పైగా అచ్చు నడుస్తుండగానే ప్రూఫు చూసి దిద్దేవారు. కాగితం ఖరీదు ఎక్కువ గనుక, దిద్దకముందు అచ్చయిన షీట్లను పారేసేవారు కాదు. దిద్దినవీ దిద్దనివీ కలిపి కుట్టేవారు. కాబట్టి ఒకే ఎడిషన్‌లో రెండు కాపీలు ఒకేలా ఉంటాయన్న హామీ లేదు. అందుకే పరిష్కర్తలు లైబ్రరీ తర్వాత లైబ్రరీ తిరిగి కాపీకి కాపీ పోలుస్తారు.

ఈ చిక్కుల్లోంచే 20వ శతాబ్దపు పరిష్కరణ సిద్ధాంతంలో అతి ముఖ్యమైన చర్చ పుట్టింది. దానికి ఉదాహరణ కూడా ఎలిజబెత్ కాలపు వచన కథే. థామస్ నాష్ రాసిన 'ది అన్‌ఫార్చునేట్ ట్రావెలర్' 1594లో రెండుసార్లు అచ్చయింది. రెండోది దిద్ది పెంచినదని చెప్పుకుంది. 1904లో నాష్ రచనలు తేవడం మొదలుపెట్టిన మెకెరో, రెండోదానిలోని దిద్దుబాట్లు నాష్‌వేనని నమ్మి దాన్నే ఆధార ప్రతిగా తీసుకున్నాడు. 1950లో డబ్ల్యూ. డబ్ల్యూ. గ్రెగ్ ఒక ప్రసిద్ధ వ్యాసంలో దీన్ని తిరగదోడాడు. అతని వాదన ఇది. స్పెల్లింగు, విరామ చిహ్నాల వంటి పైపై విషయాల్లో మొదటి అచ్చునే నమ్మాలి, ఎందుకంటే అది రచయిత రాతప్రతికి దగ్గరిది, ప్రతి పునర్ముద్రణలోనూ ఇవి చెదిరిపోతూ ఉంటాయి. అర్థం మారే మాటల విషయంలో మాత్రం తర్వాతి అచ్చులోని మార్పు రచయితదేనా అని ఒక్కొక్కటిగా విచారించి తీసుకోవాలి. ఆధార ప్రతిని ఎంచుకోవడం వేరు, దానికి బానిస కావడం వేరు అన్నది గ్రెగ్ చెప్పదలచుకున్నది. దశాబ్దాల పాటు ఇంగ్లీషు, అమెరికన్ పరిష్కర్తలకు ఇది దారి చూపింది.

ఒక్క మాట కోసం ఇంత విచారణా అనేవాళ్లకు రాబర్ట్ గ్రీన్ 'పాండోస్టో' చూపించవచ్చు. 1588లో వచ్చిన ఈ కథ షేక్‌స్పియర్ 'ది వింటర్స్ టేల్'కు మూలం. 1588 నాటి అచ్చులో నేటికి మిగిలిన కాపీ ఒకే ఒక్కటి, బ్రిటిష్ లైబ్రరీలో, అదీ కొన్ని పేజీలు పోయి. కథలో దైవవాణి ఒకటుంది. పోయినది దొరకకపోతే రాజు వారసుడు లేకుండా 'బతుకుతాడు' అని తొలి అచ్చుల్లో ఉంది. 1607 అచ్చులో అది 'చస్తాడు' అయింది. షేక్‌స్పియర్ నాటకంలో 'బతుకుతాడు' అనే ఉంది. అంటే ఆయన బల్ల మీద ఉన్నది పాత కాపీ. పరిష్కర్తలు ప్రతులన్నీ పోల్చి ఈ తేడా రాసిపెట్టకపోతే షేక్‌స్పియర్ చదివిన పుస్తకం ఏదో మనకు తెలిసేది కాదు. ఒక రాజు బిడ్డను పోగొట్టుకుని పదహారేళ్లు ఆ బాధతో బతకడమే ఆ నాటకమంతా. 'చస్తాడు' అన్న పాఠం ఆ బాధను ఒక్క మాటతో తుడిచేస్తుంది.

రచయితే రెండు రూపాలు వదిలినప్పుడు గ్రెగ్ పద్ధతి కూడా ఆగిపోతుంది. జార్జి గాస్కోయిన్ 1573లో 'మాస్టర్ ఎఫ్. జె.' ప్రేమకథను ఎవరో పెద్దింటి వాళ్ల రహస్యంలా రాశాడు. విమర్శలు వచ్చేసరికి 1575లో అదే కథను ఇటాలియన్ నుంచి అనువాదమంటూ పేర్లూ చోటూ మార్చేశాడు. ఈ రెంటినీ కలిపి ఒక 'ఉత్తమ పాఠం' తయారుచేస్తే గాస్కోయిన్ ఎన్నడూ రాయని మూడో కథ పుడుతుంది. పాత, కొత్త ఆర్కేడియాల సంగతీ అంతే. వాటిని ఇప్పుడు ఏ పండితుడూ కలపడు.

మరి 1593 నాటి కలగలుపును ఏం చేయాలి? రచయిత ఉద్దేశమే పరమావధి అనుకుంటే దానికి చోటు లేదు, అది సిడ్నీ అనుకోని పుస్తకం. కానీ 1980ల్లో జెరోమ్ మెక్‌గాన్, డి. ఎఫ్. మెకెంజీ వంటి పండితులు వేరే ప్రశ్న వేశారు. పుస్తకం రచయిత ఒక్కడిదేనా? అచ్చువేసినవాళ్లు, సవరించినవాళ్లు, చదివినవాళ్లు కలిసి చేసింది కాదా? ఆ కోణంలో చూస్తే కౌంటెస్ ఫోలియోకు తిరిగి ప్రాణం వస్తుంది. 1649లో మొదటి చార్లెస్ రాజు శిరచ్ఛేదం తర్వాత వచ్చిన అతని ప్రార్థనల పుస్తకంలో ఒకటి ఆర్కేడియాలో చెరలో ఉన్న పామెలా చేసిన ప్రార్థన అని కవి మిల్టన్ పట్టుకుని ఎండగట్టాడు. మిల్టన్ కాలంలో ఇంగ్లండంతా చదువుతున్నది కౌంటెస్ పుస్తకమే. ఆ కాలపు పాఠకుల్ని అర్థం చేసుకోవాలంటే వాళ్ల చేతిలో ఉన్న పుస్తకాన్ని కూడా అంతే శ్రద్ధతో పరిష్కరించాలి. మారిస్ ఎవన్స్ 1977లో పెంగ్విన్‌కు చేసిన ఎడిషన్ ఆ కలిపిన పాఠాన్ని మామూలు పాఠకుడికి అందుబాటులో ఉంచింది. అందుకు అతనికి రుణపడి ఉన్నాం. శాన్‌ఫర్డ్ ముందుమాటలో ఈ పుస్తకం ఆమె కోసం రాసింది, ఇప్పుడు ఆమె చేత చేయబడింది, కాబట్టి రెండు విధాలా ఆమెదే అని ఉంది. నేను ఆ మాటను పొగడ్తగా కాక, వాస్తవంగా తీసుకుంటాను. ఇంగ్లీషు కథాసాహిత్యంలో తొలి పెద్ద పరిష్కర్తల్లో ఆమె ఒకరు.

చదవాలనుకునేవాళ్లకు నా సలహా. ముందు పాత ఆర్కేడియా పట్టుకోండి. క్యాథరిన్ డంకన్-జోన్స్ 1985లో ఆక్స్‌ఫర్డ్ వరల్డ్స్ క్లాసిక్స్‌కు చేసిన ఎడిషన్ చేతికి తేలిక, స్పెల్లింగు ఆధునికం, నోట్స్ తగుమాత్రం. కథ, నవ్వు, విచారణ అన్నీ అందులో పూర్తిగా ఉన్నాయి. తర్వాత కొత్త ఆర్కేడియా మూడో భాగంలో సెక్రోపియా కోట ఘట్టం చదవండి, సిడ్నీ ఎంత దూరం వచ్చాడో తెలుస్తుంది. ఏ ఎడిషన్ తీసుకున్నా కథలోకి దిగేముందు 'పాఠం గురించి' అని ఉండే పీఠిక భాగం తెరిచి మూడు సంగతులు వెతకండి: ఏ ప్రతి ఆధారం, అధ్యాయాలు ఎవరివి, 1593 మార్పులు లోపలున్నాయా బయటున్నాయా. ఈ మూడింటికీ జవాబు చెప్పని ఎడిషన్‌ను మళ్లీ అరలో పెట్టేసి ఇంకోటి తీసుకోండి.